సోషల్ మీడియా పూర్తిగా వదిలేద్దామనుకుంటున్నాను, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

మున్నేరు

అందరికీ నమస్తే. మాది ఖమ్మం. ప్రైవేటు బ్యాంకులో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, పెద్దవాడు ఏడో తరగతి. ఫేస్‌బుక్, ఇన్‌స్టా రెండూ తీసేద్దామని చాలా కాలంగా అనుకుంటున్నాను, తీరా తీసేయబోయే సమయానికి ఏదో ఒక అనుమానం అడ్డం వస్తోంది, అందుకే అడుగుతున్నాను.

రాత్రి భోజనాలయ్యాక పిల్లలు పడుకున్నాక ఒక్క ఐదు నిమిషాలు చూద్దామని ఫోన్ పట్టుకుంటే తల ఎత్తేసరికి పన్నెండు దాటుతోంది. ఇంతసేపూ ఏం చూశావని మా ఆవిడ అడిగితే ఒక్కటంటే ఒక్కటి గుర్తుకు రాదు. ఎవరో బిర్యానీ వండుతుంటారు, ఎవరో కొత్తింట్లో పాలు పొంగిస్తుంటారు, ఆ వెంటనే ఏదో యాక్సిడెంట్ సీసీటీవీ వీడియో, దాని వెనకే ఎవరో ఎవరినో తిడుతుంటారు. పొద్దున లేస్తే కళ్లు మంటలు. కౌంటర్ దగ్గర ఏ పెద్దాయనో పాస్‌బుక్ ప్రింట్ గురించి రెండోసారి అడిగితే విసుగొచ్చేస్తోంది, పాపం ఆయన అడిగినదాంట్లో తప్పేముంది.

ఇంకోటి మా ఇంటి వాట్సాప్ గ్రూప్. నాన్న తరఫు వాళ్లం ముప్పై మందికి పైగా ఉంటాం. పొద్దున్నే దేవుడి బొమ్మలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, అన్నీ బాగానే ఉండేవి. 2023 అసెంబ్లీ ఎన్నికలప్పుడు మా బాబాయీ, మా మేనత్త కొడుకూ ఒకరి మీద ఒకరు ఫార్వర్డ్‌లు పెట్టుకుంటూ పోయి చివరికి ఇంట్లో ఆడవాళ్లదాకా మాటలు వెళ్లాయి. ఆ తర్వాత మా చెల్లెలి పెళ్లికి ఒకరు పొద్దున వచ్చి అక్షింతలు వేసి వెళ్లిపోయారు, ఇంకొకరు సాయంత్రం రిసెప్షన్‌కి మాత్రమే వచ్చారు. ఎన్నికలైపోయాయి, వీళ్లు మాత్రం ఇప్పటికీ మాట్లాడుకోవట్లేదు.

నా అనుమానాలు రెండు. వదిలేస్తే చుట్టాలు, క్లాస్‌మేట్లు, ఊరి కబుర్లు అన్నీ తెగిపోతాయా? రెండోదే నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తోంది. కాస్త నిదానంగా ఆలోచించేవాళ్లంతా విసిగిపోయి బయటికొచ్చేస్తే అక్కడ మిగిలేది అరిచేవాళ్లే కదా. తప్పుడు వార్త కింద "ఇది నిజం కాదు" అని రాసే మనిషి ఒక్కడూ లేకపోతే ఎలా? వదిలేయడం నాకు మంచిదే కావచ్చు, ఊరికి మంచిదా?

కూకట్‌పల్లి నివాసి

అన్నా, నేను ఆ రెండూ వదిలేసి చాలా కాలమైంది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, ఈ యాప్‌లు లోపల ఎలా పనిచేస్తాయో కొంత తెలుసు కాబట్టి నీ రెండో అనుమానంతోనే మొదలుపెడతాను.

తప్పుడు పోస్టు కింద నువ్వు "ఇది నిజం కాదు" అని రాస్తావు. దాన్ని మనుషులు చదవడం తర్వాత సంగతి, యాప్ మాత్రం వెంటనే లెక్కలోకి తీసుకుంటుంది. ఇక్కడ జనం ఆగుతున్నారు, రాస్తున్నారు, వాదించుకుంటున్నారు, కాబట్టి ఈ పోస్టు ఇంకొంతమందికి చూపించాలి అనుకుంటుంది. నువ్వు ఒప్పుకున్నావా, ఖండించావా అన్నది దానికి పెద్దగా పట్టదు. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన న్యూస్‌ఫీడ్ పద్ధతి మార్చింది (ఫీడ్ అంటే యాప్ తెరవగానే అది ఎంచి వరసగా చూపించే పోస్టులు), స్నేహితులూ కుటుంబసభ్యులూ ఒకరితో ఒకరు ఎక్కువ మాట్లాడుకునేలా చేస్తామని చెప్పింది. వినడానికి బాగానే ఉంది. కామెంట్లు, షేర్లు ఎక్కువ వచ్చేవి పైకి రావడం మొదలైంది. మరి కామెంట్లు దేనికి ఎక్కువొస్తాయి? తగాదాకే కదా. 2021లో ఫ్రాన్సెస్ హాగెన్ అనే మాజీ ఉద్యోగి బయటపెట్టిన కంపెనీ పత్రాల్లో, ఈ మార్పు వల్ల కోపం పుట్టించే పోస్టులు పెరుగుతున్నాయని లోపలి పరిశోధకులే హెచ్చరించిన సంగతి ఉంది. 2017 నుంచి కొంతకాలం కోపం ఎమోజీకి మామూలు లైక్ కంటే ఐదు రెట్లు విలువ కట్టారు, చివరికి 2020లో దాన్ని సున్నా చేశారు. అంటే ఆ మధ్యకాలంలో మనం కోప్పడిన ప్రతిసారీ మనకి కోపం తెప్పించినదాన్నే ఇంకొంచెం ముందుకు తోశాం. కాబట్టి "నేను వెళ్లిపోతే నిజం చెప్పేవాడు ఉండడు" అన్న బరువు నెత్తిన పెట్టుకోకు.

ఐదు నిమిషాలు కాస్తా అర్ధరాత్రి అవడం కూడా నీ ఒక్కడి బలహీనత కాదు. పేజీకి అడుగు అంటూ లేకుండా కిందకి వస్తూనే ఉండే పద్ధతిని 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ తయారుచేశాడు, తర్వాత ఆయనే దానికి బాధపడుతున్నానని బహిరంగంగా చెప్పాడు. పేపర్ చదివితే చివరి పేజీ వస్తుంది, సీరియల్ చూస్తే "తరువాయి భాగం" అని పడుతుంది. ఇక్కడ ఆగమని చెప్పేదే లేదు.

చుట్టాల సంగతి. చుట్టాలు వేరు, ఫీడ్ వేరు. నువ్వు తీసేయాల్సింది ఫీడ్‌ని. వాట్సాప్ ఉంచుకో, ఫోన్ నంబర్లు ఉంచుకో, అది చాలు. నాకు తెగిపోయినవాళ్లు ఎవరయ్యా అంటే లైక్ తప్ప ఏ సంబంధమూ లేనివాళ్లు. నిజంగా కావాల్సినవాళ్లు "ఏంట్రా కనిపించట్లేదు" అని ఫోన్ చేశారు.

పద్ధతి: ముందు సెట్టింగ్స్‌లో "మీ సమాచారం డౌన్‌లోడ్" ఆప్షన్ ఉంటుంది, ఫొటోలన్నీ దించుకో, పిల్లల చిన్నప్పటివి అందులోనే ఉండిపోతాయి చాలామందికి. తర్వాత డిలీట్ కొట్టు. ఫేస్‌బుక్‌కైనా ఇన్‌స్టాకైనా 30 రోజుల గడువు ఉంటుంది, ఆలోపు లాగిన్ అయితే డిలీట్ రద్దు చేసుకునే వీలుంటుంది, అందుకని ఫోన్లోంచి యాప్ కూడా అదే రోజు తీసేయి. యూట్యూబ్ వదలలేకపోతే వాచ్ హిస్టరీ ఆపేసి పాతది చెరిపేయి, హోమ్ పేజీ ఖాళీగా వస్తుంది, నీకు కావాల్సింది నువ్వే వెతుక్కుని చూస్తావు.

పోగుబంధం

మున్నేరు గారూ, మీరు వదిలేయండి, తప్పకుండా వదిలేయండి. కానీ వదలలేనివాళ్లు కూడా ఉన్నారని చెప్పడానికి రాస్తున్నాను, ఎందుకంటే ఈ విషయం మాట్లాడే ప్రతిచోటా నెలజీతం ఉన్నవాళ్లే ఎక్కువ మాట్లాడతారు.

మాది మంగళగిరి. నాలుగు మగ్గాల వాళ్ల దగ్గర చీరలు తీసుకుని ఇన్‌స్టాలో, వాట్సాప్‌లో అమ్ముతాను. షాపుకి అద్దె కట్టే స్తోమత నాకు లేదు. పొద్దున తొమ్మిదిలోపు కిటికీ పక్కన నిజాం బోర్డర్ అంచు కనబడేలా చీర పరిచి ఫొటో తీస్తాను, ట్యూబ్‌లైట్ కింద తీస్తే చిలకాకుపచ్చ కాస్తా ఇంకో రంగులా పడుతుంది, పార్సిల్ వెనక్కి వస్తుంది. ఆ ఫొటో చూసి బెంగళూరులో ఉన్న ఆవిడ శ్రావణమాసానికి ఆర్డర్ పెడుతుంది. మా మగ్గం ఆయనకి మధ్యలో దళారీ లేకుండా నాలుగు రూపాయలు ఎక్కువ ఇవ్వగలుగుతున్నానంటే దానివల్లే. నేను వదిలేస్తే ఆ డబ్బు మళ్లీ దళారీకే పోతుంది.

అలాగని సుఖంగా ఉన్నానా అంటే లేను. ఫొటో పెడితే పదిమందికి కూడా చేరదు, రీల్ చేస్తే చేరుతుంది, రీల్‌లో చీర ఒక్కటే చూపిస్తే చాలదు, మనిషి కట్టుకుని నవ్వుతూ కనబడాలి. నవ్వితే కామెంట్లలో ఏం రాస్తారో ఆడవాళ్లకి తెలుసు. ఫోన్ తీసిన ప్రతిసారీ పక్క అమ్మకందార్లకి ఎన్ని వ్యూస్ వచ్చాయో చూడటం, గుండె దడ, అదో టెన్షన్.

ఇప్పుడు చేస్తున్నదేంటంటే ఫోన్‌లో ఇన్‌స్టా లేదు. మా తమ్ముడి కంప్యూటర్‌లో మెటా బిజినెస్ సూట్ అని ఉంటుంది, అందులో వారానికి సరిపడా పోస్టులు ఒకేసారి టైము పెట్టేస్తాను, వాటంతట అవే వెళ్తాయి. మెసేజ్‌లకి కూడా అక్కడే జవాబులు. పాత కస్టమర్లని వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులోకి తెచ్చుకున్నాను, మన నంబర్ వాళ్ల ఫోన్లో సేవ్ అయి ఉంటేనే అది వాళ్లకి చేరుతుంది కాబట్టి పార్సిల్‌లో చిన్న చీటీ పెడతాను, నంబర్ సేవ్ చేసుకోండమ్మా అని. అవతలివాళ్లు పెట్టే పోస్టులు చూడటం పూర్తిగా మానేశాను. దుకాణం నడుపుకుంటున్నాను, సంతలో తిరగట్లేదు.

నడిగడ్డ

కూకట్‌పల్లి తమ్ముడు చెప్పింది ఫీడ్ వరకు నిజమే. అయితే మన ప్రాంతంలో మనుషుల ప్రాణాలు తీసింది ఫీడ్ కంటే ఎక్కువగా ఫార్వర్డ్. మాది గద్వాల వైపు, 2018 ఎండాకాలం నాకు బాగా గుర్తుంది.

పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు దిగాయని ఊరూరా వీడియోలు. బైక్ మీద వచ్చి పిల్లవాడిని లాక్కుపోయే వీడియో ఒకటి తెగ తిరిగింది. అది కరాచీలో పిల్లల భద్రత గురించి తీసిన ప్రచార చిత్రం, చివర్లో పిల్లవాడిని తిరిగి దింపేసి హెచ్చరిక బోర్డు చూపిస్తారు, ఆ చివరి ముక్క కోసేసి పంపారు. రాత్రిళ్లు కర్రలు పట్టుకుని కాపలాలు కాసేవాళ్లు, బట్టలమ్ముకునేవాడు వచ్చినా అనుమానమే. అదే ఏడాది జూలై 1న మహారాష్ట్ర ధులే జిల్లాలో ఐదుగురిని కొట్టి చంపారు. జూలై 13న బీదర్ జిల్లా ముర్కి దగ్గర మన హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ఒకతన్ని చంపేశారు. స్నేహితులతో వెళ్తూ దారిలో స్కూలు పిల్లలకి చాక్లెట్లు ఇచ్చారు, అంతే. వాళ్ల కారు కదిలేలోపే ముందు ఊరికి వాట్సాప్‌లో కబురు వెళ్లిపోయింది.

మా దగ్గర అలా జరగలేదు. అప్పుడు జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా రెమా రాజేశ్వరి గారు ఉన్నారు. ఊరికో కానిస్టేబుల్‌ని కేటాయించారు, వాళ్లు గడపగడపకీ వెళ్లి "ఏ వీడియో వచ్చిందో చూపించండి" అని అడిగి కూర్చోబెట్టి చెప్పేవాళ్లు. సాయంత్రం డప్పులతో, పాటలతో రచ్చబండ దగ్గర చెప్పించేవాళ్లు. ఫోన్ వాడని ముసలమ్మకి కూడా అర్థమైంది. ఆమె పరిధిలోని ఊళ్లలో ఈ పుకార్లకి ఒక్క ప్రాణం కూడా పోలేదు.

ఇక అదే జూలైలో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ని ఒకేసారి ఐదు చాట్‌లకి కుదించింది. 2020 ఏప్రిల్‌లో చాలా చేతులు మారిన మెసేజ్‌ని ఒక్క చాట్‌కే పంపేలా చేసింది, దాంతో అలాంటివి 70 శాతం తగ్గాయని వాళ్లే ప్రకటించారు.

మున్నేరు అన్నా, నీ ప్రశ్నకి నా జవాబు ఇది. అబద్ధం ఫోన్లో వచ్చినా దాన్ని ఆపేది ఎదురుగా నిలబడి చెప్పిన మనిషి మాట. ఫేస్‌బుక్‌లో ముక్కూమొహం తెలియనివాడికి నువ్వు వంద కామెంట్లు రాసినా వినడు. బ్యాంకులో నీ దగ్గరికొచ్చే పెద్దాయన వింటాడు, ఎందుకంటే తన డబ్బు లెక్క నీ చేతిలో పెట్టి నమ్ముతున్నాడు. ఫేస్‌బుక్ వదిలేయి, ఆ పెద్దాయనతో మాట్లాడటం మాత్రం వదలకు. మీ బాబాయి కూడా అంతే, గ్రూపులో కాదు, ఇంటికి వెళ్లు.

డల్లాస్ నుంచి

పైన అందరూ అనుభవాలు చెప్పారు, నేను రెండు పరిశోధనల గురించి చెప్తాను, ఎందుకంటే రెండూ కలిపి చూస్తేనే మున్నేరు గారి ప్రశ్నకి ఉపయోగం.

2018 అమెరికా మధ్యంతర ఎన్నికల ముందు స్టాన్‌ఫోర్డ్, న్యూయార్క్ యూనివర్సిటీల ఆర్థికవేత్తలు కొందరికి డబ్బిచ్చి నాలుగు వారాలు ఫేస్‌బుక్ ఆపించారు. రోజుకి సగటున గంట మిగిలింది. ఆ గంట వేరే యాప్‌లోకి పోతుందనుకుంటాం కదా, అలా కాకుండా ఎక్కువ భాగం ఇంట్లోవాళ్లతో, స్నేహితులతో, టీవీతో గడిచింది. మనసు కొంచెం కుదుటపడింది. మరీ పెద్ద తేడా కాదు, కొంచెమే, అది నిజాయితీగా చెప్పాలి. రాజకీయంగా రెండు వైపులా దూరం తగ్గింది. అయితే వార్తల గురించి తెలిసింది కూడా తగ్గింది.

రెండోది బోస్నియాలో జరిగింది, 2021లో అచ్చయింది. 1995లో అక్కడి స్రెబ్రెనిత్సలో వేలమంది ముస్లింలని సెర్బు సైన్యం చంపేసింది, ఆ నరమేధం సంస్మరణ వారంలో కొందరు ఫేస్‌బుక్ ఆపేశారు. మనసు వీళ్లకి కూడా తేలికపడింది, కానీ వేరే జాతివాళ్ల పట్ల అభిప్రాయం మెరుగవ్వాల్సింది పోయి ఇంకా తగ్గింది. ముఖ్యంగా చుట్టూ అంతా తమ జాతివాళ్లే ఉన్నచోట ఉండేవాళ్లలో. ఫేస్‌బుక్ పోయాక వాళ్లకి మిగిలింది తమలాంటివాళ్ల మాటలే మరి.

కాబట్టి వదిలేశాక ఎవరి మధ్య ఉంటారన్నది ముఖ్యం. ఇక్కడ మా తెలుగువాళ్లలోనే చూస్తున్నాను, ఫేస్‌బుక్ వదిలేసి గర్వంగా చెప్పుకునే కొందరు ఒకే ఊరి, ఒకే కులం వాట్సాప్ గ్రూపులోకి ముడుచుకుపోయారు, రోజంతా ఒకే పాట. దాన్ని వదిలేయడం అనలేం. వార్తలకి ఒక దినపత్రిక తెప్పించుకోండి, పొద్దున అరగంట. మీతో ఏకీభవించని ఇద్దరు ముగ్గురితో టీ తాగే అలవాటు ఉంచుకోండి.

మా అమ్మానాన్న తెనాలిలో ఉంటారు, వారం వారం వీడియో కాల్ లేకపోతే నాకు గడవదు, ఆ ఒక్కదాన్ని ఎవరు వదలమన్నా వదలను.

వంశధార టీచర్

నేను శ్రీకాకుళం జిల్లాలో హైస్కూల్ టీచర్‌ని. మున్నేరు గారూ, మీ పెద్దబ్బాయి ఏడో తరగతి అన్నారు, ఇక్కడ ఎవరూ దాని జోలికి వెళ్లలేదు.

పేరెంట్స్ మీటింగ్‌లో "మావాడు ఫోన్ వదలట్లేదు మేడమ్" అని చెప్తున్న తండ్రి చేతిలో ఫోన్ వెలుగుతూ ఉంటుంది. మాట్లాడుతూనే వేలితో పైకి జరుపుతుంటారు. పిల్లవాడు పక్కనే నిలబడి ఆ వేలు వైపే చూస్తుంటాడు. నేను ఆ పిల్లవాడికి ఏం చెప్పను?

ఆడపిల్లల సంగతి ఇంకా బాధ. కూకట్‌పల్లి గారు చెప్పిన ఆ కంపెనీ పత్రాల్లోనే ఉంది, తన శరీరం బాగాలేదని బాధపడే అమ్మాయిల్లో ప్రతి ముగ్గురిలో ఒకరికి ఇన్‌స్టా ఆ బాధని పెంచుతోందని. తొమ్మిదో తరగతి పిల్ల మధ్యాహ్న భోజనం మానేస్తే మొదట్లో ఒంట్లో బాగాలేదేమో అనుకునేదాన్ని, ఇప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని అడుగుతున్నాను. 2023 మేలో అప్పటి అమెరికా సర్జన్ జనరల్ (ప్రజారోగ్యం మీద ప్రభుత్వం తరఫున మాట్లాడే పెద్ద డాక్టర్) వివేక్ మూర్తి, రోజుకి 3 గంటలకు మించి సోషల్ మీడియాలో ఉండే పిల్లలకి డిప్రెషన్, ఆందోళన లక్షణాల ముప్పు రెట్టింపని హెచ్చరించారు. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్ల లోపు వాళ్లకి అకౌంట్లు లేకుండా చట్టమే అమల్లోకి తెచ్చారు. చట్టంతో అయిపోతుందని నేను అనుకోను, పిల్లలు దారులు వెతుక్కుంటారు. అయినా "అందరికీ ఉంది, నాకే లేదు" అన్న ఏడుపు తగ్గుతుంది, అదే పెద్ద సాయం.

అందరూ కలిసి చేస్తే ఎలా ఉంటుందో మనకి దగ్గర్లోనే ఉదాహరణ ఉంది. మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడగావ్ అని ఒక ఊరు. 2022 ఆగస్టు 15 నుంచి రోజూ సాయంత్రం 7 గంటలకి గుడి మీద సైరన్ మోగుతుంది, అందరూ టీవీలు, ఫోన్లు కట్టేస్తారు, మళ్లీ ఎనిమిదిన్నరకి సైరన్. మొదట్లో నవ్వారు, వినలేదు. టీచర్లు, ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ వాళ్లు ఇల్లిల్లూ తిరిగి చెప్తే దారికొచ్చింది. ఒక్కరే ఫోన్ కట్టేస్తే ఆ గంటన్నర జరగదు, ఊరంతా కట్టేస్తే పిల్లలకి చదువుకోవడమో ఆడుకోవడమో తప్ప వేరే పని ఉండదు. మీ ఊరు కాకపోతే మీ అపార్ట్‌మెంట్, అదీ కాకపోతే మీ ఇల్లు. ఆ టైములో మీ ఫోన్ కూడా వాడి ఫోన్ పక్కనే ఉండాలి, అది మాత్రం తప్పదు.

ఇంకొకటి. ఎవరికైనా నిద్ర, తిండి పోయి, ఫోన్ తీసేస్తే వణికిపోయేంతగా ఉంటే సలహాల కోసం ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఈ అలవాటు కోసమే 2014 నుంచి ప్రత్యేకంగా క్లినిక్ నడుస్తోంది.

మున్నేరు

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. మా ఆవిడ కూడా చదివింది, టీచర్ గారు రాసింది చదివి ఫోన్ నా చేతిలో పెట్టి ఏమీ అనకుండా వెళ్లింది.

ఫేస్‌బుక్, ఇన్‌స్టా తీసేస్తున్నాను. ఫొటోలు డౌన్‌లోడ్ పెట్టాను. వాట్సాప్ ఉంచుకుంటాను, ఇంటి గ్రూప్‌ని ఆర్కైవ్‌లో పడేసి మ్యూట్ చేశాను, చావు కబురైనా పెళ్లి కబురైనా నాన్న ఎలాగూ ఫోన్ చేస్తాడు. రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిది దాకా మా ఇంట్లో నాలుగు ఫోన్లూ టీవీ స్టాండ్ మీద. పోగుబంధం గారూ, మీ మాట నాకు తట్టనే లేదు, పై వీధిలో మా అక్క టిఫిన్ పొడులు అమ్ముతుంది ఇన్‌స్టాలో, ఆమెకి ఆ కంప్యూటర్ పద్ధతి చూపిస్తాను. నడిగడ్డ అన్నా, ఆదివారం వైరా వెళ్తున్నాను, బాబాయి దగ్గరికి. రాజకీయం ఎత్తను, ఊరికే వెళ్తాను.

చివరిగా ఒక చిన్న డౌట్ కూకట్‌పల్లి తమ్ముడూ. మా పదో తరగతి బ్యాచ్ ఫేస్‌బుక్ గ్రూపుకి నేనొక్కడినే అడ్మిన్‌ని. మెసెంజర్‌లో కూడా పాత స్నేహితులు కొందరున్నారు. డిలీట్ చేస్తే ఇవన్నీ ఏమవుతాయి?

కూకట్‌పల్లి నివాసి

డిలీట్ చేస్తే మెసెంజర్ కూడా పోతుంది అన్నా. ఉత్తి డీయాక్టివేట్ అయితే మెసెంజర్ ఉంచుకోవచ్చు, కానీ నీ విషయంలో డిలీటే మంచిది. అందుకని ముందు మెసెంజర్‌లో ఉన్నవాళ్లకి ఒక్కొక్కరికీ నీ నంబర్ పంపి వాళ్లది తీసుకో. గ్రూపులో ఇంకో ఇద్దరిని అడ్మిన్లుగా చేయి, ఒక్కరు చాలరు, వాళ్లు కూడా వదిలేస్తారేమో. అలాగే "ఫేస్‌బుక్‌తో లాగిన్" అని పెట్టుకున్న వేరే యాప్‌లు ఏమైనా ఉంటే వాటికి ఇప్పుడే మెయిల్, పాస్‌వర్డ్ మార్చుకో, లేకపోతే తర్వాత వాటిలోకి వెళ్లడం కష్టం. ఇవన్నీ అయ్యాకే డిలీట్ నొక్కు.